సబార్డినేటెడ్ రుణం: బ్యాంకులకు మూలధనంగా మారే అప్పు

2020 మార్చి 14న యెస్ బ్యాంకు తాను జారీ చేసిన రూ.8,415 కోట్ల విలువైన అదనపు టైర్-1 బాండ్లను పూర్తిగా రద్దు చేస్తున్నట్లు స్టాక్ ఎక్స్ఛేంజీలకు తెలియజేసింది. నాలుగు రోజుల తర్వాత ఆ బ్యాంకుపై విధించిన మారటోరియం తొలగిపోయింది. డిపాజిటుదారుల సొమ్ము భద్రంగా నిలిచింది. వాటాదారుల చేతిలో షేర్లు మిగిలాయి. బాండ్లు కొన్నవారికి మాత్రం అసలూ దక్కలేదు, వడ్డీ దక్కలేదు. వారిలో మ్యూచువల్ ఫండ్లు, బీమా సంస్థలతో పాటు ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను గడువుకు ముందే రద్దు చేసుకుని ఆ సొమ్మును బాండ్లలో పెట్టిన సాధారణ ఖాతాదారులూ ఉన్నారు.

బ్యాంకుకు అప్పు ఇచ్చినవారు ఆ బ్యాంకు యజమానుల కన్నా ముందే నష్టపోవడం ఎలా సాధ్యమైంది? ఈ ప్రశ్నకు సమాధానం తెలియాలంటే బ్యాంకులు, వాటి హోల్డింగ్ కంపెనీలు మూలధన సమీకరణకు ఎంచుకునే ఒక ప్రత్యేక మార్గాన్ని అర్థం చేసుకోవాలి. దానినే ఆర్థిక పరిభాషలో సబార్డినేటెడ్ రుణం అంటారు. చెల్లింపుల వరుసలో వెనుక నిలవడానికి ముందే అంగీకరించి ఇచ్చే అప్పు అని దీనిని నిర్వచించవచ్చు.

చెల్లింపుల వరుస

ఏ సంస్థ అయినా మూతపడినప్పుడు దాని ఆస్తులను విక్రయించగా వచ్చిన సొమ్మును ఒక క్రమంలో పంచుతారు. బ్యాంకు విషయంలో డిపాజిటుదారులు, హామీ ఉన్న రుణదాతలు, సాధారణ రుణదాతలు ముందు వరుసల్లో ఉంటారు. వారి బాకీలు తీరిన తర్వాతే సబార్డినేటెడ్ రుణదాతల వంతు వస్తుంది. ఆ తర్వాత అదనపు టైర్-1 బాండ్లు కొన్నవారు, ప్రాధాన్య వాటాదారులు ఉంటారు. అందరికన్నా చివర సాధారణ వాటాదారులు నిలుస్తారు.

నష్టం మాత్రం దీనికి సరిగ్గా ఎదురు దిశలో, కింది నుంచి పైకి వస్తుంది. మొదట వాటాదారుల సొమ్ము కరిగిపోతుంది. అది చాలనప్పుడు వెనుక వరుసల్లోని బాండ్ల సొమ్మును తాకుతుంది. డిపాజిటుదారుల వరకు నష్టం చేరకుండా మధ్యలో అడ్డుకట్టలా నిలుస్తుంది కాబట్టే నియంత్రణ సంస్థలు ఈ రకం అప్పును మూలధనంలో భాగంగా లెక్కించడానికి అనుమతిస్తాయి. మామూలు అప్పుకు ఆ అర్హత లేదు.

ఇక్కడ మూలధనం అనే మాటకు ఉన్న ప్రత్యేకార్థాన్ని గమనించాలి. బ్యాంకు లాకర్లలో దాచిపెట్టిన నగదును మూలధనం అనరు. బ్యాంకు ఇచ్చిన రుణాల్లో కొంత భాగం వసూలు కాకపోయినా డిపాజిటుదారులకు లోటు రాకుండా ఆ నష్టాన్ని భరించగల నిధినే మూలధనం అంటారు. బ్యాంకు ఆ సొమ్మును కూడా రుణాలుగానే ఇస్తుంది. దాని ప్రత్యేకత అంతా అది ఎవరిది, ఎప్పుడు తిరిగి ఇవ్వాలి అన్న షరతుల్లో ఉంటుంది.

బాసెల్ నిబంధనల లెక్క

2008 నాటి ప్రపంచ ఆర్థిక సంక్షోభం అనంతరం 2010 డిసెంబర్‌లో బాసెల్-3 ప్రమాణాలు వెలువడ్డాయి. భారతీయ రిజర్వ్ బ్యాంకు వీటిని 2013 ఏప్రిల్ 1 నుంచి దశలవారీగా అమలు చేసింది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం బ్యాంకుల మొత్తం మూలధనం రిస్క్ వెయిటెడ్ ఆస్తుల్లో కనీసం 8 శాతం ఉండాలి. మన దేశంలో దానిని 9 శాతంగా నిర్ణయించారు. దీనికి అదనంగా 2.5 శాతం మూలధన పరిరక్షణ నిధిని కూడా నిర్వహించాలి. రెండూ కలిపితే 11.5 శాతం అవుతుంది.

రిస్క్ వెయిటెడ్ ఆస్తులు అంటే నష్టభయాన్ని బట్టి విలువ కట్టిన ఆస్తులు. ప్రభుత్వ సెక్యూరిటీలపై పెట్టిన సొమ్ముకు తక్కువ భారం, హామీ లేని వ్యక్తిగత రుణానికి ఎక్కువ భారం పడుతుంది. ఒక బ్యాంకుకు ఇలా లెక్కించిన ఆస్తులు రూ.1,000 కోట్లు ఉన్నాయనుకుంటే ఆ బ్యాంకుకు రూ.115 కోట్ల మూలధనం కావాలి. ఇందులో రూ.55 కోట్లు కనీస సాధారణ ఈక్విటీగా, మరో రూ.25 కోట్లు పరిరక్షణ నిధిగా ఉండాలి. ఈ రూ.80 కోట్లు వాటాదారుల సొమ్ము, పోగైన లాభాల రూపంలోనే ఉండాలి. మిగిలిన దానిలో రూ.15 కోట్ల వరకు అదనపు టైర్-1 బాండ్ల ద్వారా, రూ.20 కోట్ల వరకు టైర్-2 బాండ్ల ద్వారా సమకూర్చుకోవచ్చు.

రుణాలు పెరిగేకొద్దీ మూలధనమూ పెరగాలి. లాభాలు ఆ వేగాన్ని అందుకోలేకపోతే బ్యాంకు బయటి నుంచి సొమ్ము తెచ్చుకోక తప్పదు. కొత్త షేర్లు జారీ చేస్తే పాత వాటాదారుల వాటా పలచబడుతుంది. ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో ప్రభుత్వ వాటా తగ్గుతుంది. బాండ్లు జారీ చేస్తే ఆ ఇబ్బంది లేదు. వాటిపై చెల్లించే వడ్డీని సాధారణంగా ఖర్చుగా చూపుకోవచ్చు కాబట్టి పన్ను భారమూ తగ్గుతుంది. ఈ కారణాల వల్లనే బ్యాంకులు సబార్డినేటెడ్ రుణం వైపు మొగ్గు చూపుతాయి.

టైర్-2, అదనపు టైర్-1 మధ్య తేడా

ఈ రెండూ వెనుక వరుస అప్పులే అయినా వాటి స్వభావం ఒకటి కాదు. టైర్-2 బాండ్లకు నిర్దిష్ట గడువు ఉంటుంది. అది కనీసం 5 ఏళ్లు ఉండాలి. ఆచరణలో 10 లేదా 15 ఏళ్ల గడువు ఎక్కువగా కనిపిస్తుంది. బ్యాంకు నడుస్తున్నంత కాలం వడ్డీ చెల్లించాలి. గడువు చివరి 5 ఏళ్లలో మాత్రం మూలధనంగా ఆ బాండ్ల విలువను ఏటా 20 శాతం చొప్పున తగ్గించి లెక్కిస్తారు. అందువల్ల 10 ఏళ్ల బాండ్లు జారీ చేసిన బ్యాంకుకు 5 ఏళ్ల తర్వాత వాటి ఉపయోగం క్రమంగా కరిగిపోతుంది. సరిగ్గా ఆ సమయానికి వాటిని ముందస్తుగా తీర్చివేసే హక్కును బ్యాంకు తన వద్ద ఉంచుకోవడం పరిపాటి. దీనిని కాల్ ఆప్షన్ అంటారు.

అదనపు టైర్-1 బాండ్లకు గడువే లేదు. అసలు ఎప్పుడు తిరిగి ఇవ్వాలన్న తేదీ ఒప్పందంలో ఉండదు. కనీసం 5 ఏళ్ల తర్వాత, నియంత్రణ సంస్థ అనుమతితో బ్యాంకు తనకు తానుగా తీర్చివేయవచ్చు. తీర్చాలని కొన్నవారు అడగలేరు. వడ్డీని రద్దు చేసే అధికారం కూడా బ్యాంకుకే ఉంటుంది. ఒక ఏడాది చెల్లించని వడ్డీ మరుసటి ఏడాదికి బాకీగా మిగలదు. బ్యాంకు సాధారణ ఈక్విటీ నిష్పత్తి 6.125 శాతం కన్నా దిగువకు పడిపోతే బాండ్ల అసలును తగ్గించడమో, షేర్లుగా మార్చడమో చేస్తారు.

రెండు రకాల బాండ్లకూ వర్తించే మరో షరతు ఉంది. బాండ్లను రద్దు చేయకపోయినా, ప్రభుత్వం నిధులు సమకూర్చకపోయినా బ్యాంకు మనుగడ సాగించలేదని రిజర్వ్ బ్యాంకు నిర్ధారిస్తే ఆ బాండ్లను శాశ్వతంగా రద్దు చేయవచ్చు. ఇందుకు బ్యాంకు మూతపడవలసిన అవసరం లేదు. లిక్విడేషన్ జరిగితేనే వర్తించే చెల్లింపుల వరుస, బ్యాంకును బతికించే ప్రయత్నంలో వర్తించకపోవచ్చు. తొలి ప్రశ్నకు సమాధానం ఈ షరతులోనే దాగి ఉంది.

నష్టభయంలోని ఈ తేడా వడ్డీ రేట్లలో ప్రతిఫలిస్తుంది. భారతీయ స్టేట్ బ్యాంకు 2024 సెప్టెంబర్‌లో 15 ఏళ్ల గడువున్న టైర్-2 బాండ్లను 7.33 శాతం కూపన్ రేటుతో జారీ చేసి రూ.7,500 కోట్లు సమీకరించింది. మరుసటి నెలలో అదనపు టైర్-1 బాండ్ల ద్వారా రూ.5,000 కోట్లు సేకరించినప్పుడు కూపన్ రేటు 7.98 శాతంగా నిర్ణయమైంది. జారీ చేసిన బ్యాంకు ఒకటే. వరుసలో ఒక మెట్టు కిందికి దిగినందుకు మదుపరులు అధిక ప్రతిఫలం కోరారు.

అమెరికాలో హోల్డింగ్ కంపెనీల మార్గం

అమెరికాలో చాలా బ్యాంకులకు పైన ఒక మాతృసంస్థ ఉంటుంది. 1956 నాటి బ్యాంక్ హోల్డింగ్ కంపెనీ చట్టం ప్రకారం ఈ సంస్థలను ఫెడరల్ రిజర్వ్ పర్యవేక్షిస్తుంది. ఒకటి రెండు జిల్లాలకు పరిమితమైన చిన్న బ్యాంకుకు కూడా హోల్డింగ్ కంపెనీ ఉండటం అక్కడ సర్వసాధారణం. సబార్డినేటెడ్ నోట్లను ఎక్కువగా ఈ మాతృసంస్థలే జారీ చేస్తాయి.

దీని వెనుక ఒక లెక్క ఉంది. ఉదాహరణకు ఒక హోల్డింగ్ కంపెనీ 6 శాతం వడ్డీకి 5 కోట్ల డాలర్ల నోట్లు జారీ చేసిందనుకుందాం. ఆ సొమ్ము హోల్డింగ్ కంపెనీ స్థాయిలో టైర్-2 మూలధనంగానే లెక్కకు వస్తుంది. అందులో 4 కోట్ల డాలర్లను తన బ్యాంకులో ఈక్విటీగా పెడితే మాత్రం బ్యాంకు స్థాయిలో అది అత్యున్నత శ్రేణి మూలధనం అవుతుంది. పై అంతస్తులో అప్పుగా వచ్చిన సొమ్ము కింది అంతస్తులో వాటా మూలధనంగా మారుతుందన్నమాట. అమెరికా నిబంధనల ప్రకారం పటిష్ఠ మూలధనం గల బ్యాంకుగా గుర్తింపు పొందాలంటే మొత్తం మూలధన నిష్పత్తి కనీసం 10 శాతం ఉండాలి. ఆ లెక్కన 4 కోట్ల డాలర్లు 40 కోట్ల డాలర్ల రిస్క్ వెయిటెడ్ ఆస్తులకు ఆధారం కాగలవు. హోల్డింగ్ కంపెనీ తన వద్ద ఉంచుకున్న కోటి డాలర్లు సుమారు 3 ఏళ్ల వడ్డీకి సరిపోతాయి.

ఈ నోట్లకు ఒక స్థిరమైన నమూనా ఏర్పడింది. గడువు 10 ఏళ్లు. మొదటి 5 ఏళ్లు వడ్డీ స్థిరంగా ఉంటుంది. ఆ తర్వాత మార్కెట్ ప్రామాణిక రేటుకు నిర్ణీత శాతం కలిపి మారుతూ ఉంటుంది. 5 ఏళ్లు పూర్తయిన నాటి నుంచి కంపెనీ ముందస్తుగా తీర్చివేయవచ్చు. మూలధనంగా విలువ తరగడం మొదలయ్యే సమయమూ, వడ్డీ మారే సమయమూ, కాల్ ఆప్షన్ మొదలయ్యే సమయమూ ఒకటే కావడం యాదృచ్ఛికం కాదు.

చిన్న సంస్థలకు మరో వెసులుబాటు ఉంది. మొత్తం ఆస్తులు 300 కోట్ల డాలర్ల లోపు ఉండి ఇతర షరతులు నెరవేర్చే హోల్డింగ్ కంపెనీలకు ఫెడరల్ రిజర్వ్ ఏకీకృత మూలధన నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చింది. 2018లో ఈ పరిమితిని 100 కోట్ల డాలర్ల నుంచి పెంచారు. దీంతో చిన్న హోల్డింగ్ కంపెనీలు అప్పు తెచ్చి బ్యాంకుకు ఈక్విటీ సమకూర్చడం మరింత సులభమైంది. మరోవైపు, కష్టకాలంలో బ్యాంకుకు హోల్డింగ్ కంపెనీ అండగా నిలవాలన్న సూత్రానికి 2010 నాటి డాడ్-ఫ్రాంక్ చట్టం చట్టబద్ధత కల్పించింది.

ఈ ఏర్పాటులో బలహీనత కూడా ఉంది. హోల్డింగ్ కంపెనీకి సొంత వ్యాపారం సాధారణంగా ఉండదు. బ్యాంకు చెల్లించే డివిడెండే దాని ప్రధాన ఆదాయం. బ్యాంకు నష్టాల్లో పడితే నియంత్రణ సంస్థలు డివిడెండును నిలిపివేయగలవు. అప్పుడు హోల్డింగ్ కంపెనీ నోట్లపై వడ్డీ చెల్లించడమే కష్టమవుతుంది. అంతేకాక బ్యాంకు ఆస్తులపై మొదటి హక్కు బ్యాంకు రుణదాతలదే. హోల్డింగ్ కంపెనీకి బ్యాంకులో ఉన్నది కేవలం వాటాదారు స్థానం. కనుక హోల్డింగ్ కంపెనీకి అప్పు ఇచ్చినవారు ఒప్పందం ప్రకారమే గాక, సంస్థల నిర్మాణం ప్రకారం కూడా వెనుక వరుసలో ఉంటారు.

వాషింగ్టన్ మ్యూచువల్ ఉదంతం ఈ వరుసను స్పష్టంగా చూపింది. 2008 సెప్టెంబర్ 25న అధికారులు ఆ బ్యాంకును స్వాధీనం చేసుకున్నారు. సుమారు 30,700 కోట్ల డాలర్ల ఆస్తులున్న ఆ బ్యాంకును జేపీ మోర్గాన్ చేజ్ 190 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసింది. డిపాజిటుదారులకు నష్టం కలగలేదు. మరునాడే హోల్డింగ్ కంపెనీ దివాలా రక్షణ కోరింది. బ్యాంకు బాండ్లు కొన్నవారి బాధ్యతను కొనుగోలుదారు స్వీకరించలేదు. 2023 మార్చి 10న సిలికాన్ వ్యాలీ బ్యాంకు మూతపడినప్పుడు కూడా డిపాజిటుదారులందరికీ రక్షణ లభించింది. వారం రోజులకు, మార్చి 17న, దాని మాతృసంస్థ ఎస్‌వీబీ ఫైనాన్షియల్ గ్రూప్ దివాలా పిటిషన్ దాఖలు చేసింది.

భారత్‌లో పరిస్థితి

మన దేశంలో బాండ్లను సాధారణంగా బ్యాంకులే నేరుగా జారీ చేస్తాయి. హోల్డింగ్ కంపెనీ విధానం పరిమితంగానే ప్రవేశించింది. కొత్త ప్రైవేటు బ్యాంకుల లైసెన్సుల కోసం 2013 ఫిబ్రవరిలో రిజర్వ్ బ్యాంకు విడుదల చేసిన మార్గదర్శకాలు నాన్ ఆపరేటివ్ ఫైనాన్షియల్ హోల్డింగ్ కంపెనీ ద్వారానే బ్యాంకును నెలకొల్పాలని నిర్దేశించాయి. ఆ విడతలో ఐడీఎఫ్‌సీ, బంధన్ సంస్థలకు 2014 ఏప్రిల్‌లో సూత్రప్రాయ అనుమతి లభించింది. రెండు బ్యాంకులూ 2015లో కార్యకలాపాలు ప్రారంభించాయి. తర్వాతి కాలంలో ఐడీఎఫ్‌సీ సంస్థ తన బ్యాంకులోనే విలీనమైంది. ఆ విలీనం 2024 అక్టోబర్ 1 నుంచి అమలులోకి వచ్చింది.

అమెరికా బాండ్లకూ మన బాండ్లకూ మరో ముఖ్యమైన భేదం ఉంది. అక్కడి టైర్-2 నోట్లలో మనుగడ ప్రశ్నార్థకమైనప్పుడు రద్దు చేయాలన్న ఒప్పంద షరతు సాధారణంగా ఉండదు. నష్టం దివాలా ప్రక్రియ ద్వారానో, చట్టబద్ధమైన పరిష్కార ప్రక్రియ ద్వారానో వస్తుంది. ఇక్కడ ఆ షరతు బాండు ఒప్పందంలోనే ఉంటుంది.

బ్యాంకులు విలీనమైనప్పుడు ఇటువంటి అప్పుల బాధ్యత విలీనం చేసుకున్న బ్యాంకుకు బదిలీ అవుతుంది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసినప్పుడు వాటి హక్కులు, అప్పులు రెండూ యూనియన్ బ్యాంకుకు సంక్రమించాయి. సజావుగా జరిగే విలీనంలో బాండుదారుడి స్థితి మారదు. కష్టాల్లో ఉన్న బ్యాంకును కాపాడటానికి చేసే విలీనంలోనే మారుతుంది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసిన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు 2004 ఆగస్టులో ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో విలీనమైనప్పుడు డిపాజిటుదారులకు రక్షణ దొరికింది. వాటాదారులకు ఏమీ దక్కలేదు. అప్పటికి బాసెల్-3 షరతులు లేవు. నష్టం సంప్రదాయ క్రమంలోనే వాటాదారుల వద్ద మొదలైంది.

యెస్ బ్యాంకు, లక్ష్మీ విలాస్ బ్యాంకు

యెస్ బ్యాంకుపై 2020 మార్చి 5న మారటోరియం విధించి, ఖాతాదారులు రూ.50,000కు మించి తీసుకోరాదని ఆంక్ష పెట్టారు. మార్చి 13న పునర్నిర్మాణ పథకం నోటిఫై అయింది. భారతీయ స్టేట్ బ్యాంకు నాయకత్వంలో పలు బ్యాంకులు కొత్త మూలధనం సమకూర్చాయి. 100కు మించి షేర్లున్న పాత వాటాదారుల షేర్లలో 75 శాతాన్ని 3 ఏళ్ల పాటు విక్రయించకుండా నిలిపివేశారు. షేర్లు మాత్రం రద్దు కాలేదు. 2016లో రూ.3,000 కోట్లకు, 2017లో రూ.5,415 కోట్లకు జారీ అయిన అదనపు టైర్-1 బాండ్లు రద్దయ్యాయి. అదే బ్యాంకు టైర్-2 బాండ్లు యథాతథంగా కొనసాగాయి.

బాండుదారులు న్యాయస్థానాలను ఆశ్రయించారు. ముసాయిదా పథకంలో ఉన్న బాండ్ల రద్దు ప్రస్తావన తుది పథకంలో లేదు. పథకం అమలులోకి వచ్చిన తర్వాత అడ్మినిస్ట్రేటర్‌కు ఆ అధికారం లేదని బొంబాయి హైకోర్టు 2023 జనవరి 20న తీర్పు చెబుతూ రద్దు నిర్ణయాన్ని కొట్టివేసింది. అప్పీలుకు వీలుగా తీర్పు అమలును నిలిపివేసింది. ఆ స్టేను సుప్రీంకోర్టు 2023 మార్చిలో కొనసాగించింది.

విక్రయ తీరుపై మరో వివాదం నడిచింది. 1,346 మంది వ్యక్తులు ఈ బాండ్లలో సుమారు రూ.679 కోట్లు పెట్టినట్లు, వారిలో 277 మంది ఫిక్స్‌డ్ డిపాజిట్లను ముందుగా మూసివేసి కొన్నట్లు సెబీ తన ఉత్తర్వులో పేర్కొంది. నష్టభయాన్ని సరిగా వివరించకుండా విక్రయించారన్న కారణంతో 2021 ఏప్రిల్‌లో బ్యాంకుకు రూ.25 కోట్ల జరిమానా విధించింది. ఆ ఉత్తర్వుపై సెక్యూరిటీస్ అప్పిలేట్ ట్రైబ్యునల్ స్టే ఇచ్చింది.

అదే ఏడాది టైర్-2 బాండ్లకూ ముప్పు తప్పదని తేలింది. 2020 నవంబర్ 17న లక్ష్మీ విలాస్ బ్యాంకుపై మారటోరియం విధించారు. పది రోజుల్లో, నవంబర్ 27న, ఆ బ్యాంకు డీబీఎస్ బ్యాంక్ ఇండియాలో విలీనమైంది. విలీనానికి ముందు రూ.318.20 కోట్ల టైర్-2 బాండ్లను రద్దు చేశారు. వాటా మూలధనం కూడా పూర్తిగా రద్దయింది. డిపాజిటుదారుల ఖాతాలు కొత్త బ్యాంకుకు మారాయి. యెస్ బ్యాంకులో భద్రంగా మిగిలిన టైర్-2 తరగతి, లక్ష్మీ విలాస్ బ్యాంకులో మిగలలేదు.

క్రెడిట్ సూయిస్ ప్రకంపనలు

2023 మార్చి 19న స్విట్జర్లాండ్‌లో యూబీఎస్ చేతికి క్రెడిట్ సూయిస్ చేరినప్పుడు ఇటువంటి పరిణామమే అంతర్జాతీయ స్థాయిలో చోటుచేసుకుంది. సుమారు 1,600 కోట్ల స్విస్ ఫ్రాంకుల అదనపు టైర్-1 బాండ్లను అక్కడి నియంత్రణ సంస్థ ఫిన్మా సున్నాకు తగ్గించింది. వాటాదారులకు మాత్రం దాదాపు 300 కోట్ల ఫ్రాంకుల విలువైన యూబీఎస్ షేర్లు దక్కాయి. మరునాడే యూరోపియన్ యూనియన్ నియంత్రణ సంస్థలు, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ స్పందిస్తూ తమ పరిధిలో ముందుగా వాటాదారులే నష్టం భరించాలని స్పష్టం చేశాయి. ఈ రద్దు చట్టవిరుద్ధమని 2025 అక్టోబర్‌లో స్విస్ ఫెడరల్ అడ్మినిస్ట్రేటివ్ కోర్టు పేర్కొంది. ఆ తీర్పుపై అప్పీలుకు ఫిన్మా సిద్ధమైంది.

ముంబయి, జ్యూరిచ్ ఉదంతాలు రెండింటిలోనూ ఒక పోలిక కనిపిస్తుంది. రద్దు షరతు ఒప్పందంలో ఉందా లేదా అన్నది ప్రధాన వివాదం కాలేదు. దానిని ఏ అధికారంతో, ఏ దశలో అమలు చేశారన్నదే న్యాయస్థానాల ముందు నిలిచింది.

రక్షణ నిబంధనలు

యెస్ బ్యాంకు ఉదంతం అనంతరం సెబీ 2020 అక్టోబర్‌లో నిబంధనలను కఠినతరం చేసింది. అదనపు టైర్-1 బాండ్లను అర్హత గల సంస్థాగత మదుపరులకు మాత్రమే జారీ చేయాలని, కనీస కేటాయింపు, ట్రేడింగ్ పరిమాణం రూ.1 కోటి ఉండాలని ఆదేశించింది. 2021 మార్చిలో మ్యూచువల్ ఫండ్లు ఇటువంటి బాండ్లలో పెట్టగల సొమ్ముపై పరిమితులు విధించింది. గడువు లేని బాండ్లను 100 ఏళ్ల గడువున్నవిగా పరిగణించి విలువ కట్టాలని సూచించింది. బ్యాంకుల మూలధన సమీకరణపై ప్రభావం పడుతుందని కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖ అభ్యంతరం తెలపడంతో ఆ లెక్కింపును దశలవారీగా అమలు చేసేలా సవరించింది.

టైర్-2 బాండ్లను చిన్న మదుపరులకు విక్రయించే అవకాశాన్ని రిజర్వ్ బ్యాంకు నిబంధనలు పూర్తిగా మూసివేయలేదు. అయితే ప్రచార పత్రాల్లో ఈ బాండ్లు ఫిక్స్‌డ్ డిపాజిట్‌కు ఎలా భిన్నమో, వీటికి డిపాజిట్ బీమా వర్తించదన్న విషయాన్నీ పెద్ద అక్షరాల్లో తెలపాలి. షరతులు అర్థమయ్యాయని కొన్నవారి నుంచి ప్రత్యేకంగా సంతకం తీసుకోవాలి. తాను జారీ చేసిన బాండ్లను తాకట్టు పెట్టుకుని ఏ బ్యాంకూ అప్పు ఇవ్వరాదు. ఫిక్స్‌డ్ డిపాజిట్‌పై అవసరానికి రుణం తీసుకునే అలవాటున్న ఖాతాదారులు గమనించదగిన తేడా ఇది.

డిపాజిట్ల విషయంలో డిపాజిట్ ఇన్సూరెన్స్ అండ్ క్రెడిట్ గ్యారంటీ కార్పొరేషన్ ఒక్కో బ్యాంకులో ఒక్కో డిపాజిటుదారుకు రూ.5 లక్షల వరకు బీమా కల్పిస్తుంది. 2020 ఫిబ్రవరి 4 నుంచి ఈ పరిమితి అమలులో ఉంది. బాండు ఎంత పెద్ద బ్యాంకుదైనా ఈ రక్షణ పరిధిలోకి రాదు.

ప్రకటనను చదివే పద్ధతి

ఒక బ్యాంకు గానీ, హోల్డింగ్ కంపెనీ గానీ సబార్డినేటెడ్ బాండ్ల ద్వారా నిధులు సమీకరించినట్లు ప్రకటించినప్పుడు కొన్ని అంశాలను వరుసగా పరిశీలిస్తే అసలు చిత్రం బోధపడుతుంది.

మొదటిది, జారీ చేసిన సంస్థ ఏది అన్న ప్రశ్న. బ్యాంకే జారీ చేసిందా, దాని పైనున్న హోల్డింగ్ కంపెనీ జారీ చేసిందా అన్నదానిపై చెల్లింపుల వరుసలో స్థానం ఆధారపడి ఉంటుంది. రెండవది, బాండు తరగతి. టైర్-2 అయితే గడువు, వడ్డీ హక్కు ఉంటాయి. అదనపు టైర్-1 అయితే ఆ రెండింటికీ హామీ లేదు.

మూడవది, కాల్ ఆప్షన్ తేదీ. దానిని చెల్లింపు తేదీగా భావించడం పొరపాటు. ముందస్తుగా తీర్చడం సంస్థ ఇష్టం. 2008 డిసెంబర్‌లో డాయిష్ బ్యాంకు, 2019 ఫిబ్రవరిలో స్పెయిన్‌కు చెందిన శాంటాండర్ బ్యాంకు కాల్ తేదీ వచ్చినా బాండ్లను తీర్చకుండా కొనసాగించాయి. కొత్తగా అప్పు తేవడం కన్నా పాతది కొనసాగించడమే చౌక అనిపిస్తే ఏ సంస్థ అయినా అదే దారి ఎంచుకోవచ్చు.

నాలుగవది, సేకరించిన సొమ్ము వినియోగం. రుణాల విస్తరణకు ఉపయోగిస్తే భవిష్యత్తు ఆదాయానికి అది పునాది కావచ్చు. పాత బాండ్లను తీర్చడానికే అయితే మూలధనం పెరగదు, గడువు మాత్రమే పెరుగుతుంది. మొండి బాకీల వల్ల కరిగిన మూలధనాన్ని భర్తీ చేయడానికైతే ఆ బ్యాంకు రుణాల నాణ్యతను లోతుగా చూడాలి. అయిదవది, సాధారణ ఈక్విటీ నిష్పత్తి. మొత్తం మూలధన నిష్పత్తి ఘనంగా కనిపించినా అందులో బాండ్ల వాటా ఎక్కువై, వాటాదారుల సొమ్ము పలచగా ఉంటే చిన్న కుదుపుకే నష్టం బాండ్లను తాకుతుంది.

చివరిది, వడ్డీ రేటులోని అదనపు శాతం. సాధారణ డిపాజిట్ కన్నా ఒకటి రెండు శాతం ఎక్కువగా వచ్చే ప్రతిఫలం, బ్యాంకు కష్టాల్లో పడితే అసలును వదులుకోవడానికి అంగీకరించినందుకు ఇచ్చే ధర. ఏటా వచ్చే ఆ అదనపు వడ్డీని అసలు మొత్తంతో పోల్చి, పోతే తట్టుకోగలమా అని లెక్క వేసుకోవలసిన బాధ్యత కొన్నవారిదే.

బ్యాంకు వ్యవస్థ దృష్టిలో ఈ బాండ్లు తమ పని తాము చేశాయి. యెస్ బ్యాంకు, లక్ష్మీ విలాస్ బ్యాంకు సంక్షోభాల్లో డిపాజిటుదారులు ఒక్క రూపాయి కూడా కోల్పోలేదు. నష్టంలో కొంత భాగాన్ని బాండుదారులు భరించారు. ఆ భారాన్ని మోయగల సంస్థలు, షరతులు చదివి, ధర కట్టి కొన్నంత కాలం ఇది న్యాయమైన ఒప్పందమే. డిపాజిట్‌కు ప్రత్యామ్నాయమన్న మాటతో పదవీ విరమణ సొమ్ము దానిలో చేరినప్పుడు అన్యాయం మొదలవుతుంది. అందుకే బ్యాంకు శాఖలో అధిక వడ్డీ పథకం గురించి చెప్పినప్పుడు ఖాతాదారు అడగవలసిన మొదటి ప్రశ్న వడ్డీ ఎంత అన్నది కాదు. అది డిపాజిటా, బాండా అని ముందుగా అడిగి, సమాధానాన్ని రాతపూర్వకంగా తీసుకోవాలి.